సన్నాయి పీక మీద ఎరుపు

బసవలింగం గారు అడిగిన ప్రశ్నకు అడిగినచోటే జవాబు చెప్పే మనిషి కాదు. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఆయన దగ్గర సన్నాయి నేర్చుకున్నవాళ్ళంతా ఈ సంగతి ఎరిగినవాళ్ళే. గమకం గురించి అడిగితే బావి దగ్గరికి పంపి నీళ్ళు తోడమనేవారు. తాళం తప్పుతోందంటే వడ్లు దంచేవాళ్ళ పక్కన కూర్చుని రమ్మనేవారు. జవాబు ఎక్కడో ఆ పనిలోనే దొరకాలి. దొరక్కపోతే ఆయన మళ్ళీ చెప్పేవారు కాదు.

ఆయన శిష్యుల్లో అందరికంటే పెద్దవాడు ఆదిశేషు. ఒకనాడు పొద్దున్నే వచ్చి, అరుగు మీద కూర్చోకుండా నిలబడే అడిగాడు. "గురువుగారూ, దశరథానికి మీరేం చెప్పారు? నా దగ్గర ఏం దాచారు?"

అతని కడుపుమంటకు కారణం లేకపోలేదు. ముందురోజు ఒక పెళ్ళిలో ఇద్దరూ జంటగా వాయించారు. ఆదిశేషు మేళానికి పెద్ద, దశరథం నిన్నగాక మొన్న జతకలిసినవాడు. అయినా పెళ్ళికూతురి తాత తీరిగ్గా కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఆదిశేషును దాటుకుని వెళ్ళి దశరథం భుజం తట్టాడు. "ఏం నాదమయ్యా! వింటుంటే ఒళ్ళంతా చల్లబడింది" అన్నాడు. వెనక్కి తిరిగేటప్పుడు ఆదిశేషుకేసి చూసి, మర్యాదకి తలూపాడు. ఆ తలూపు ఆదిశేషు గుండెల్లో ముల్లయి కూర్చుంది. దశరథం అతన్ని నోరారా "అన్నా" అని పిలిచేవాడు. ఆ పిలుపు కూడా ఇప్పుడు ఎగతాళిలాగే వినిపిస్తోంది.

"నేను వాడికేం చెప్పానో నీకు తెలియాలంటే, వాడి వెంటే ఉండు శేషూ. వాడు లేచింది మొదలు ఏం చేస్తాడో చూడు. చూసి వచ్చి నాకు చెప్పు" అన్నారు బసవలింగం గారు.

అసూయపడేవాడికి ఇంతకంటే ఇష్టమైన పని ఇంకేముంటుంది! ఆదిశేషు ఆ రోజునుంచే దశరథానికి నీడ అయ్యాడు. సాధన కలిసి చేద్దామన్న నెపంతో తెల్లవారేసరికి వాళ్ళింటి ముందు ఉండేవాడు. మేళానికి వెళితే పక్కనే పడుకునేవాడు. ఏదో మంత్రం ఉంటుందనీ, గొంతుకు పట్టించే ఏదో లేహ్యం ఉంటుందనీ, లేదంటే గురువుగారు రహస్యంగా అప్పగించిన పాత పీక ఒకటి ఉంటుందనీ అతని నమ్మకం. పీక అంటే సన్నాయి కొనకు తగిలించే రెల్లుముక్క. పెదవుల మధ్య దాన్ని పట్టే తీరులోనే నాదమంతా ఉంటుంది.

తీరా చూస్తే దశరథం చేసేవన్నీ విసుగెత్తించే పనులే. లేవగానే వేపపుల్ల నమిలి, దాని కొసని కుంచెలా మెత్తగా చేసుకుని పళ్ళు తోముకునేవాడు. ఎదుటికి కనిపించే పళ్ళతో సరిపెట్టేవాడు కాదు. లోపలివైపు, దవడల చివర, పన్నూ చిగురూ కలిసేచోట, ఎక్కడా తొందర లేకుండా పసిపిల్లకు తల దువ్వినట్టు తోమేవాడు. ఆ తర్వాత వేలితో చిగుళ్ళను రుద్దుకునేవాడు. అన్నం తిన్నా, అటుకులు తిన్నా, ఆఖరికి ప్రసాదమని ఇంత బెల్లంముక్క నోట్లో వేసుకున్నా, లేచి వెళ్ళి నోరు పుక్కిలించి వచ్చేవాడు. పడుకునేముందు మరోసారి పళ్ళు తోముకునేవాడు. మేళం అయ్యాక పీకను కడిగి ఆరబెట్టి గుడ్డలో చుట్టేవాడు. పెళ్ళివారు తాంబూలం ఇస్తే కళ్ళకద్దుకుని పక్కన పెట్టేవాడు.

"ఇంతసేపు ఏం తోముతావురా? పెళ్ళిచూపులకి పోతున్నావా?" అని ఆదిశేషు ఒకసారి ఎద్దేవా చేశాడు.

"మన బతుకంతా ఈ నోటిమీదే కదన్నా!" అని నవ్వాడు దశరథం. అతని పళ్ళు అంత తెల్లనివేమీ కావు, కొద్దిగా పసుపు రంగువి. కానీ చిగుళ్ళు దానిమ్మగింజల రంగులో బిగువుగా ఉన్నాయి. ఆదిశేషు ఆ చిగుళ్ళవైపు చూసి, ఎందుకో తన పెదవులు గట్టిగా బిగించుకున్నాడు.

ఎందుకో అతనికి తెలుసు. కొన్నాళ్ళుగా అతని చిగుళ్ళనుంచి నెత్తురు వస్తోంది. అతని పళ్ళు చూడటానికి మల్లెమొగ్గలే. ఇటుకపొడి, ఉప్పు కలిపి వేలితో బరబరా రుద్ది ముందుపళ్ళను మెరిపించేవాడు. లోపలివైపు ఏం పేరుకుందో ఎప్పుడూ చూసుకోలేదు. మొదట్లో ఉమ్మిలో ఎర్రచార కనిపించింది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. తర్వాత సన్నాయి వాయించి దించేసరికి పీక కొస ఎర్రబడటం మొదలైంది. అప్పుడు భయం వేసింది. ఆ భయం కూడా జబ్బుని చూసి కాదు. గురువుగారికి తెలిస్తే, నోరు బాగయ్యేదాకా ఊరుకోమంటారు. శ్రీరామనవమికి కొండమీది గుళ్ళో కల్యాణానికి మేళం ఆదిశేషు నడిపించాలి. అతను ఊరుకుంటే ఆ చోటు దశరథానిదవుతుంది.

అందుకే తాంబూలం అలవాటు చేసుకున్నాడు. నోరు ఎప్పుడూ ఎర్రగా ఉంటే, పీక మీద ఎరుపు ఎక్కడిదని ఎవరడుగుతారు? చిగుళ్ళు ఉబ్బాయి. కింది ముందుపన్ను ఒకటి నాలుకతో నొక్కితే కదలసాగింది. ఇష్టమైన జామకాయ కొరకడం మానేశాడు. భార్య రత్తమ్మ "నీ నోరు వాసనొస్తోంది, ఎవరికన్నా చూపించుకోరాదా" అంటే ఇంతెత్తున లేచాడు. పొద్దుగూకులూ దశరథం నోటికి కాపలా కాస్తూ, తన నోరు మాత్రం ఎవరికీ చూపించకుండా తిరిగాడు.

నవమి వచ్చింది. ఎంత వెతికినా మంత్రం దొరకలేదు, లేహ్యం దొరకలేదు. ఇక మిగిలింది పీకే. దశరథం స్నానానికి వెళ్ళినప్పుడు ఆదిశేషు అతని సంచీ విప్పాడు. గుడ్డలో చుట్టిన పీక తీసి, తనది అందులో పెట్టాడు. ఆ సమయంలో దొంగతనం చేస్తున్నానని అతనికి అనిపించలేదు. తనకు రావలసింది తను తీసుకుంటున్నట్టే అనిపించింది.

కల్యాణమండపం నిండిపోయింది. ఆదిశేషు ఆనందభైరవి ఎత్తుకున్నాడు. మొదట బాగానే సాగింది. ఇదిగో, ఇదే రహస్యమన్నమాట అనుకుని పొంగిపోయాడు. పై స్థాయికి వెళ్ళటానికి పెదవులు బిగించి ఊపిరి నొక్కాడో లేదో, కింద కదిలే పన్ను వెనక్కి ఒరిగింది. దానికి ఆనుకున్న పెదవి పట్టు తప్పింది. ఊపిరి పక్కకు జారి, స్వరం చిరిగిన గుడ్డలా బర్రుమంది. డోలు వాయించేవాడు తలెత్తి చూశాడు. జనం సర్దుకుని కూర్చున్నారు. అంతలోనే పక్కనుంచి దశరథం సన్నాయి ఆ తెగిన స్వరాన్ని తెగినచోటే అందుకుంది. అన్నగారు కావాలనే ఆపి తమ్ముడికి అందించారన్నట్టుగా రాగం ముందుకు సాగిపోయింది. తాళి కట్టే వేళకు అక్షింతలు జల్లున పడ్డాయి. ఎవరికీ ఏమీ తెలియలేదు.

అది కూడా ఓర్చుకోలేకపోయాడు ఆదిశేషు. వాడు తనను అల్లరిపాలు చేసి ఉంటే ద్వేషించడానికి ఒక కారణమైనా దొరికేది. కాపాడినందుకు ఏం చెయ్యాలో తోచలేదు.

మేళం ముగిశాక కోనేటి మెట్ల మీద కూర్చుని ఉంటే దశరథం వచ్చి పక్కన కూర్చున్నాడు. అతను ఆదిశేషు సన్నాయి అందుకుని, పీక ఊడదీసి ఎండకు పట్టి చూశాడు. అది తన పీకేనని దశరథానికి తెలియకుండా ఎలా ఉంటుంది? తన చేతుల్తో రోజూ కడిగి తుడిచిన పీక అది. దాని కొసన ఇప్పుడు నెత్తురు చిక్కగా అంటి ఉంది. ఆ పొద్దున స్వామి కార్యమని ఆదిశేషు తాంబూలం వేసుకోలేదు. సాకు చెప్పటానికి నోట్లో ఏమీ లేదు.

తిడతాడనుకున్నాడు. దొంగ అంటాడనుకున్నాడు. అందుకు తగిన మాట ఒకటి సిద్ధం చేసుకుని కూర్చున్నాడు.

"అన్నా, ఈ నెత్తురు ఎన్నాళ్ళనుంచి వస్తోంది?" అని అడిగాడు దశరథం.

ఆదిశేషు కండువా మొహానికి అడ్డం పెట్టుకుని, అంత మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాడు దశరథమే అతన్ని పట్నంలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె వయసులో చిన్నదే అయినా నిదానస్తురాలు. పెదవి పైకెత్తి, దీపం పట్టి చూసి, చిన్న అద్దం అతని చేతికిచ్చి లోపలివైపు చూసుకోమంది. మల్లెమొగ్గల వెనక గార, సున్నపుతెట్టులా గట్టిపడి చిగుళ్ళ కిందకి దిగి ఉంది.

"ఇది లోపలికి దిగేకొద్దీ చిగురు పన్నుని వదిలేస్తుంది. ఇటుకపొడి పైపైన మెరిపించి పన్నుని అరగదీసింది, తాంబూలం మంటని ఇంకా పెంచింది. మొదట నెత్తురు కనపడ్డప్పుడే రావలసింది కదండీ!" అంది ఆమె.

"నొప్పి లేదు కదమ్మా."

"చాలా రోజులు నొప్పి ఉండదు. అందుకే మనుషులు దాచుకోగలుగుతారు."

ఆ మాట చిగుళ్ళను గురించే అన్నా, ఆదిశేషు ఉలిక్కిపడ్డాడు.

గార తీయించుకోవడానికి అతను చాలాసార్లు పట్నం వెళ్ళవలసి వచ్చింది. కదిలే పన్ను నిలవలేదు, తీసేశారు. దాని పక్కవి మెల్లగా బిగుసుకున్నాయి. మెత్తటి బ్రష్షుతో పొద్దునా, పడుకునేముందూ చిగుళ్ళ అంచుల వెంట తోమడం నేర్చుకున్నాడు. తాంబూలం మానేశాడు. కొన్ని నెలలపాటు సన్నాయి ముట్టవద్దన్నారు కాబట్టి, మేళంలో వెనక కూర్చుని శ్రుతిపెట్టె పట్టాడు. ముందు దశరథం కూర్చున్నాడు. తర్వాత కట్టుడుపన్ను పెట్టించుకుని మొదటినుంచీ సాధన చేశాడు. నాదం తిరిగి వచ్చింది. అంతకు ముందు లేని నెమ్మది కూడా ఏదో అందులో వచ్చిందని వినేవాళ్ళు అన్నారు.

పీక మార్చిన సంగతి గురువుగారి దగ్గర తనే చెప్పుకున్నాడు. ఆయన విని, ఊఁ అన్నారు. అంతే.

కార్తీకంలో ఒక సభ జరిగింది. ఆదిశేషు బాగా వాయించాడు. దశరథం ఇంకా బాగా వాయించాడు. శాలువా దశరథానికి కప్పారు. ఆదిశేషు చప్పట్లు కొట్టాడు, మనసారానే కొట్టాడు. కొడుతూ కొడుతూ ఉండగా, లోపల ఎక్కడో పాత మంట చురుక్కుమంది. చిన్నదే, క్షణకాలమే. అయినా అతను బెదిరిపోయాడు. ఎవరికీ చెప్పకుండా నడిచి నడిచి, సాయంత్రానికి గురువుగారి అరుగు దగ్గర తేలాడు.

"పోయిందనుకున్నాను గురువుగారూ" అన్నాడు. "వాడు నాకు చేసిన మేలు మనిషన్నవాడు మరిచిపోయేది కాదు. అయినా ఇవాళ వాడి మీద మళ్ళీ కుళ్ళుకున్నాను. ఒకసారి కడిగేసుకున్నాక కూడా మళ్ళీ ఎందుకు వస్తుందండీ ఇది?"

బసవలింగం గారు అతన్ని పక్కన కూర్చోమన్నారు.

"పొద్దున పళ్ళు తోముకున్నావా శేషూ?"

"తోముకున్నానండీ."

"అదేమిట్రా, నిన్న తోముకున్నావుగా!" అన్నారు బసవలింగం గారు.