మొదటి మరక

తిప్పేస్వామి చేసిన రైలు పెట్టె ముందు ఎవరూ నిలబడలేదు.

గుంతకల్లు రైల్వే కాలనీలో ఒక హాల్లో ఆ ఏడాది బొమ్మ రైళ్ల ప్రదర్శన పెట్టారు. పొడవాటి బల్ల మీద పక్కపక్కనే రెండు ప్యాసింజరు పెట్టెలు. రెండూ రేకుతో చేసినవే, మూరెడు పొడవున్నవే. ఏళ్ల తరబడి ఎండలో వానలో తిరిగి ముసలివైపోయినట్టు రంగు వేసినవే. ఒకటి తిప్పేస్వామిది. రెండోది అతని గురువు ఖుద్దూస్ సారుది.

తిప్పేస్వామి పెట్టె చూసినవాళ్లు "అబ్బా, ఎంత పాతగా చేసినాడప్పా!" అని మెచ్చుకున్నారు. మెచ్చుకుని పక్కకి జరిగారు. జరిగి, సారు పెట్టె దగ్గర ఆగిపోయారు. అక్కడికొచ్చేసరికి గొంతులు తగ్గాయి. ఒక పెద్దావిడ చాలాసేపు చూసి, పక్కనున్న కోడలితో మెల్లగా అంది:

"మా చెల్లెల్ని ఇట్లాంటి దాంట్లోనే ఎక్కించి పంపించినాము. ఇదో, ఈ తలుపు కాడనే నిలబడి ఏడ్చింది."

ఏ తలుపు? తిప్పేస్వామి వంగి చూశాడు. తలుపు పక్కన రంగు కొంచెం అరిగి ఉంది. అంతే. అలాంటి అరుగుడు తన పెట్టెకి ప్రతి తలుపు దగ్గరా ఉంది. ఇంకా ఎక్కువే ఉంది.

అతనికి ఆ పూట అన్నం సయించలేదు.

పాతది చేయడంలో తిప్పేస్వామికి తిరుగులేదని పేరు. హైదరాబాదులో సినిమా సెట్లకి అదే అతని పని. పొద్దున వడ్రంగులు బిగించిన కొత్త తలుపుని మధ్యాహ్నం భోజనాల వేళకి తాతల నాటి తలుపు చేసేవాడు. సున్నం ఆరని గోడకి నాచు పట్టించేవాడు. షోరూం నుంచి తెచ్చిన కారుని పొలాల్లో పడేసిన తుక్కులాగా మార్చేవాడు. ఒకసారి ఏదో సినిమాకి బొమ్మ రైలు కావలసి వస్తే గుంతకల్లు నుంచి ఖుద్దూస్ సారు పెట్టె తెప్పించారు. దాన్ని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు తిప్పేస్వామి. ఎలా చేశారో అంతుపట్టలేదు. అతనికి అంతుపట్టని పాతదనం అదే మొదటిది. ఆ సినిమా అయిపోగానే సంచి సర్దుకుని గుంతకల్లు వచ్చేశాడు.

ఖుద్దూస్ సారు రైల్వే బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. బడి వదిలాక ఇంటి వరండాలో కూర్చుని పెట్టెలు చేయడమే ఆయన లోకం. రేకు కత్తిరించడం, టంకం పెట్టడం, పైకప్పు వంపు తీయడం అన్నీ ఓపిగ్గా నేర్పారు. మరకల సంగతి మాత్రం ఎత్తలేదు. తిప్పేస్వామి కూడా అడగలేదు. ఆ పనిలో తనకొకరు నేర్పేదేముందని అతని లెక్క. సారుకి నెలలు పట్టే పని తనకి ఒక పూట.

ప్రదర్శన అయిన మర్నాడు మాత్రం ఉండబట్టలేక అడిగేశాడు.

"సార్, మీరు ఏ పొడి వాడతారో నాకు చెప్పనే లేదు."

"ఏ పొడి?"

"దుమ్ముకి, తుప్పుకి. నా దగ్గర లేనిదేదో మీ దగ్గర ఉంది. లేకపోతే జనం మీ దాని దగ్గరే ఎందుకు ఆగుతారు?"

సారు నవ్వలేదు, కోప్పడలేదు. "నీ పెట్టె ఇట్ల తే," అన్నారు. తెచ్చాడు. పెన్సిళ్లు చెక్కే బ్లేడు తీసుకుని తలుపు పక్కన గోరంత జాగా గీకారు. గోధుమరంగు లేచింది. దాని కింద తొలిపూత వేసిన ప్రైమరు. ప్రైమరు కింద రేకు.

తర్వాత తన పెట్టె దగ్గరికి లాక్కున్నారు. "వద్దు సార్!" అని తిప్పేస్వామి చెయ్యి చాపేలోగా బ్లేడు ఆడింది. పైనున్న మసి కింద నీలం. నీలం కింద నిగనిగలాడే ముదురెరుపు. ఆ ఎరుపు మీద పసుపుపచ్చగా ఏదో అక్షరం తోక.

సారు రెండు పెట్టెల్నీ పక్కపక్కన పెట్టారు.

"నీ దానికి కొత్తదనమే లేదు కదప్పా," అన్నారు. "ఎట్ల ముసలిదైంది?"

తిప్పేస్వామికి ఒళ్లు మండింది. పాడైపోయిన సారు పెట్టె వంకే చూస్తూ, "కింద ఏముందో ఎవరు చూస్తారు సార్?" అన్నాడు.

"ఎవరూ చూడరు," అన్నారు సారు. బ్లేడు తుడిచి డబ్బాలో పెట్టుకున్నారు.

తిప్పేస్వామి ఊరుకునే రకం కాదు. గదికి పోయి ఇంకో పెట్టె తీశాడు. దానికి నీలం పూసి, మసి పట్టించి, అన్నిటికన్నా సన్నని కుంచెతో తలుపుల అంచున ఎర్రటి చుక్కలు పెట్టాడు. నీలం ఊడి లోపలి ఎరుపు బయటపడినట్టే ఉంది. ఒకచోట పసుపుపచ్చ తోక కూడా గీశాడు. దగ్గరగా పట్టుకుని చూస్తే తనకే నిజమనిపించింది. మర్నాడు దాన్ని సారు చేతిలో పెట్టాడు.

సారు కళ్లద్దాలు పైకెత్తి, పెట్టెని కంటికి ఆనించుకున్నట్టు పెట్టుకుని చూశారు.

"చాలా బాగా వేసినావు," అన్నారు. ఆ మాట మనసులోంచే వచ్చింది. "ఈ పచ్చది ఏంది?"

"మీ దాంట్లో ఉంది కదా సార్, అదే."

"నా దాంట్లోది గుంతకల్లు కొమ్ము. 'ల్లు'కి పెట్టింది. ఇది ఏ ఊరి కొమ్ము?"

తిప్పేస్వామి తను గీసిన తోక వంక చూశాడు. అక్కడ ఊరు లేదు. తోక ఒక్కటే ఉంది.

సారు లేచి లోపలికి వెళ్లి, రంగు తగలని రేకు పెట్టె ఒకటి తెచ్చి ఇచ్చారు.

"దీన్ని కొత్తది చెయ్యి."

"చేసి?"

"చెయ్యి ముందు."

సాయంత్రానికల్లా చేసేశాడు తిప్పేస్వామి. సారు దాని మీద వేలితో రాసి చూసి, ఉప్పు కాగితం అతని చేతిలో పెట్టారు. రంగంతా అరగదీసి మళ్లీ వేశాడు. మళ్లీ ఉప్పు కాగితం. మళ్లీ వేశాడు. మళ్లీ అదే.

విసుగెత్తిపోయింది. కొత్తగా ఉండడం కోసం ఏ వస్తువుకీ అతను రంగు వేసి ఎరగడు. సెట్లలో కొత్తదనమంటే కప్పెట్టేయాల్సిన తప్పు. అది ఎంత తొందరగా మాయమైతే పని అంత తొందరగా అయినట్టు. ఇప్పుడు కుంచె పట్టుకుంటే అతని చెయ్యి తనకే మొరటుగా అనిపించింది. వెంట్రుకవాసి గీత కనబడుతుంది. దుమ్ముకణం అంటుకుంటుంది. అదే మరక వేసే పనైతే అవన్నీ కలిసొచ్చేవి.

ఒక మధ్యాహ్నం అలాగే తిట్టుకుంటూ అరగదీస్తుంటే సారు భార్య మెహరున్నీసా టీ తెచ్చింది. తిప్పేస్వామి ఆమెని చాచీ అని పిలుస్తాడు.

"ఏమయ్యా, ఇంకా రుద్దతానే ఉండావా?"

"సారుకి నచ్చటం లేదు చాచీ."

"ఆయనకి కొత్త పెట్టె పిచ్చి ఈనాటిదా?" అని గ్లాసు అందించి, గడప మీద కూర్చుంది. "మా నిఖా అయిన కొత్తలో, ఈ లైనుకి కట్టె పెట్టెలు పోయి ఇనుప పెట్టెలు వస్తాయని చెప్పుకుంటాండ్రి. మొదటి ఇనుప బండి వచ్చే పొద్దు మీ సారు నన్ను టేసనుకి తోలుకపోయినారు. ఊరికి పోయేదానికి కాదు. ఊరికినే చూసేదానికి! ఇస్త్రీ చొక్కా, చెవిలో అత్తరు దూది. దోవంతా ఈల వేసుకుంటా నడిచినారు."

"సారు ఈల వేసేవారా?"

"ఏమనుకుంటివి? నేను సిగ్గుతో చస్తాంటి. బండి వచ్చి ఆగె. అద్దం మాదిరి ఉండాది పెట్టె. 'దాంట్లో నీ మొగం చూసుకో' అంటారు ఈయన. ప్లాట్‌ఫారం నిండా జనం. ముసుగు రవ్వంత జరిపి, ఒక్క కన్ను చూసుకున్న్యా." ఆమె నవ్వింది. "అప్పుడు అంతా కొత్తే కదయ్యా. పెట్టె కొత్త, ఊరు కొత్త, ఆయన కొత్త."

లోపల్నుంచి సారు గొంతు వినిపించింది. కళ్లద్దాలు కనబడటం లేదంటున్నారు. "నెత్తినే ఉంటాయి చూడండి," అంటూ ఆమె మోకాలు పట్టుకుని లేచి వెళ్లింది.

తిప్పేస్వామి తలుపులోంచి చూశాడు. వంగిపోయిన వీపు. తల తడుముకుంటున్న చెయ్యి. ఇన్నాళ్లుగా చూస్తున్న మనిషే. ఎందుకో ఎక్కువసేపు చూడలేక తల తిప్పుకున్నాడు. టీ చల్లారిపోయింది.

ఆ తర్వాత అతను తొందరపడలేదు. పూత ఆరేదాకా దాని జోలికి పోలేదు. ముదురెరుపు పూతల మీద వార్నిష్ పూశాడు. కిటికీల కింద సన్నటి పసుపుపచ్చ గీత లాగాడు. ఎవరికీ కనబడదని తెలిసీ లోపలి బల్లలకి చెక్క రంగు వేశాడు. ఒక తలుపు పక్కన 'స్త్రీలకు' అని రాశాడు. పెట్టె నడుముకి 'గుంతకల్లు' అని రాసి, చివర కొమ్ము దగ్గర ఊపిరి బిగబట్టాడు.

సారు వేలితో రాసి చూశారు. ఆ రోజు ఉప్పు కాగితం ఇవ్వలేదు.

ఈలోగా హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. ఆర్ట్ డైరెక్టరు దయాసాగర్. తిప్పేస్వామి ఎన్నో సినిమాలు చేసింది ఆయన దగ్గరే. రైలు సీను ఉంది, పాత పెట్టె ఒకటి వెంటనే కావాలన్నాడు. జీపు పంపిస్తే తిప్పేస్వామి ఆ తోక గీసిన పెట్టె ఇచ్చి పంపాడు. నాలుగు రోజులకి మళ్లీ ఫోను.

"అదిరిపోయిందయ్యా! కెమెరాలో నిజం పెట్టెలాగే ఉంది. వచ్చెయ్. మొత్తం రైలు కావాలట. పాతవి చేసే డిపార్టుమెంటంతా నీ చేతికే ఇస్తున్నా."

ఆ మాట కోసం తిప్పేస్వామి ఎన్నో ఏళ్లుగా ఎదురు చూశాడు. ఫోను చెవిదగ్గర పెట్టుకుని వరండాలోని బల్ల వైపు చూశాడు.

"ఒక పెట్టె చేతిలో ఉంది సార్. అది పాతది చేసి వస్తాను."

"దానికి నీకెంతసేపు? మధ్యాహ్నానికి అయిపోదూ?"

"ఇదివరకు అయ్యేది సార్."

"ఆగడానికి లేదు తిప్పేస్వామీ. వేరేవాళ్లకి ఇచ్చేయాల్సొస్తుంది."

"అట్లాగే ఇవ్వండి సార్," అన్నాడు తిప్పేస్వామి. ఫోను పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే వరండాలో కూర్చున్నాడు. ఎండ ఏటవాలుగా బల్ల మీద పడుతోంది. ఎర్ర పెట్టె మెరుస్తోంది. చిన్న గిన్నెలో గోధుమరంగు వేసి, థిన్నరు పోసి పల్చన చేశాడు. లెక్కలేనన్నిసార్లు కలిపిన రంగే. కుంచె ముంచాడు.

ఎప్పుడూ కిటికీల కిందనుంచి మొదలుపెట్టేవాడు. ఎడమనుంచి కుడికి ఒక్క ఊపు. కుంచె ఆ పసుపుపచ్చ గీత దాకా వెళ్లి ఆగింది. కుంచె మొనన రంగు బొట్టు ఊరుతోంది. అది పడేలోగా గిన్నెలోకి లాగేశాడు.

పైకప్పు మీద వేద్దామనుకున్నాడు. అక్కడైతే పొగ చూరుతుంది. కుంచె ఎత్తాడు, దించాడు. తలుపు వైపు తిప్పాడు. ఎక్కేవాళ్లు పట్టుకునే చోటు అది. చంకలో బిడ్డనెత్తుకున్న ఏ ఆడమనిషో ఒంటిచేత్తో పట్టుకుంటుంది. ఆమెకి రంగు కనబడదు. పడిపోకుండా ఉంటే చాలు. ఆ చేతికి ఏ పిండో, ఏ పసుపో అంటుకుని ఉంటుంది.

కుంచె ఎండిపోయింది. మళ్లీ ముంచాడు. మళ్లీ ఎండిపోయింది.

వెనక అడుగుల చప్పుడు. సారు ఎప్పుడొచ్చారో, కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏమప్పా?"

"చేతులు రావడం లేదు సార్," అన్నాడు తిప్పేస్వామి.

సారు మెల్లగా పక్క కుర్చీలో కూర్చున్నారు. ఎర్ర పెట్టెని చూశారు, అతని చేతిని చూశారు. రంగు కలిపిన గిన్నెని అతనికి అందేటట్టు దగ్గరికి జరిపారు.

"ఇప్పుడు వెయ్యి," అన్నారు.