కిరీటం మీద కాకి

ఒకానొక సంస్థానంలో, నలభై పొడుగు స్తంభాలకు సరిపడే ఇనుము కోట గిడ్డంగిలో దిగింది. కరెంటు అనే మాట అప్పుడప్పుడే వినబడుతున్న రోజులవి. అక్కడి రాజు ఉగ్రభూపతి మంచివాడే. కాకపోతే తాను తుమ్మినా పది ఊళ్లకు వినబడాలనుకునే రకం.

కోటకూ, కొండ అవతల పురుళ్ల ఆసుపత్రికీ మధ్య, కొంగల బారులు దిగే కొంగలకోన అనే పచ్చటి లోయ ఉంది. అందులో ఇల్లు కట్టకూడదు, చెట్టు కొట్టకూడదు అని రాజుగారి నాయనమ్మ, పెద్దరాణి, ఏనాడో కట్టడి చేసింది. ఆ తర్వాత ఒక కరువులో దిక్కులేని కుటుంబాలెన్నో ఆ కోన ఊట నీళ్లతోనే బతికాయి. అలా బతికిన ఒక ఇంటి బిడ్డే ఆస్థాన గణకుడు వల్లభయ్య. పాతికేళ్లవాడు. లెక్క అడిగినవాడు నోరు మూసేలోపే జవాబు చెప్పేవాడు.

"ఆసుపత్రికి కరెంటు తీసుకెళ్లే స్తంభాలు కోన నడిమధ్య నుంచి పోవాలి" అన్నాడు రాజు సభలో. "ఒక్కొక్కటి తాటిచెట్టంత. ప్రతిదాని మీదా మా రాజముద్ర. జనం తలెత్తి చూడాలి."

వల్లభయ్య నోరు తెరిచాడు.

"వద్దని ఎవరు ఒక్క మాట అన్నా ఆ పూటే కొలువు వదిలి పోవాలి" అని రాజు ముగించాడు.

తెరిచిన నోటితో వల్లభయ్య ఆవులించి ఊరుకున్నాడు. మనసు మాత్రం ఊరుకోలేదు. ఆసుపత్రికి వెలుగు కావాలి. తల్లులు గుడ్డి దీపాల కింద పురుళ్లు పోసుకుంటున్నారు. కోనా ఉండాలి, తనవాళ్లను బతికించిన చోటు అది.

ఆ సంస్థానంలో ఒక ఆచారం ఉంది. ఏటా పట్టాభిషేకం జరిగిన తిథి నాడు రాజు కొండపై రాతి పీఠం మీద కూర్చుంటాడు. వెనక కోన కనబడేలా చిత్రకారుడు బొమ్మ గీస్తాడు. ఆ బొమ్మను నిండు సభలో విప్పుతారు.

వల్లభయ్య చిత్రకారుడు ఎర్రప్ప దగ్గరికి వెళ్లాడు. "తాతా, స్తంభాల కోసం కర్రమేకులు పాతారు కదా. వాటి చోట స్తంభాలు లేచినట్టే గియ్యి."

"నా కొలువు ఊడగొట్టడానికి వచ్చావురా అబ్బాయ్."

"వద్దంటే కదా ఊడేది. రాజుగారు కోరినంత ఎత్తు, కోరిన ముద్రతో సహా గియ్యమంటున్నాను" అని చెవిలో ఇంకో మాట కూడా చెప్పాడు. ఎర్రప్ప బోసినోటితో నవ్వాడు.

ఆ తిథి నాటి సాయంత్రం సభలో తెర తీశారు. బొమ్మలో రాజు దర్జాగా కూర్చుని ఉన్నాడు. ఆయన కిరీటం నడుమ నుంచి ఇనుప స్తంభం మొలిచింది. వెనక సాగిన తీగలు ఈ చెవిలో దూరి ఆ చెవిలోంచి వచ్చినట్టున్నాయి. స్తంభం మీద ఒక కాకి.

సభలో అందరికీ ఒక్కసారే దగ్గు వచ్చింది.

"నా నెత్తిన స్తంభం పాతిందెవరు?" అన్నాడు రాజు.

"తమరే ప్రభూ. పీఠం వెనకే మేకు ఉంది" అన్నాడు వల్లభయ్య.

"ఆ కాకి?"

"తీగ దొరికాక రాకుండా ఉంటుందా. అది తమ ముద్ర మీద చేయబోయే పని మాత్రం తాత గియ్యలేదు. మర్యాద తెలిసిన మనిషి."

"మరి కొంగలేవి?"

వల్లభయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"చెప్పవేం?"

"చెబితే కొలువు పోతుంది."

"పోదులే. చెప్పు."

వల్లభయ్య బొమ్మ దగ్గరికి వెళ్లి ఒక మూల పట్టి లాగాడు. పల్చటి బట్ట ఒకటి ఊడి వచ్చింది. స్తంభాలు, తీగలు, కాకి దాని మీదే ఉన్నాయి. అడుగున రాజు, ఆయన వెనక కోన, కొంగల బారు, అన్నీ పెద్దరాణి వదిలి వెళ్లినట్టే ఉన్నాయి.

"తీగలున్న చోట కొంగలు దిగవు. ఇది బట్ట కనుక లాగితే వచ్చింది. ఇనుము ఇలా రాదు ప్రభూ."

రాజు గొంతు తగ్గింది. "అయితే ఆసుపత్రికి వెలుగు వద్దా?"

"కావాలి. కొండ వెనక నుంచి పోదాం. దారి చుట్టు, అరవై స్తంభాలు పడతాయి. కానీ కొండ చాటున సగం ఎత్తు చాలు. అంటే ముప్పై స్తంభాల ఇనుమే. మిగిలిన పదింటి ఇనుముతో గొట్టాలు చేయించి, కోన అంచు దాటే ఆ కాస్త మేరా తీగను నేల కింద పోనిద్దాం."

"ఎవరికీ కనబడకపోతే నేను చేసింది ఎవరికి తెలుస్తుంది?"

"విందుకు పిలిచి విస్తట్లో వడ్డిస్తాం గానీ, పొయ్యి తెచ్చి ముందు పెట్టం కదా ప్రభూ. వెలుతురులో బిడ్డ మొహం చూసుకున్న తల్లి తమరినే తలుచుకుంటుంది. నేను ఈనాటికీ నీళ్లు తాగే ముందు పెద్దరాణిగారిని తలుచుకుంటాను. ఆవిడ ఒక్క స్తంభమైనా పాతలేదు."

రాజు బొమ్మలోని కోననూ, బట్ట మీది కాకినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "కాకిని నా నెత్తి మీద కూర్చోబెట్టి మా నాయనమ్మను గుర్తుచేశావు. నీకు రుణపడ్డానయ్యా" అని తన మెడలోని ముత్యాల హారం వల్లభయ్యకు వేశాడు, శాలువా ఎర్రప్పకు కప్పాడు. "వల్లభయ్యా, కొండ వెనక పని నువ్వే చేయించు. ఆ బట్ట మాత్రం దాచు. నాకు మళ్లీ గొప్పల పిచ్చి ఎక్కినప్పుడు తెచ్చి ఈ బొమ్మ మీద కప్పు."

మర్నాడు పొద్దున్నే వల్లభయ్య మేకుల మూట భుజాన వేసుకుని బయల్దేరాడు. కోన ఊట దగ్గర ఆగి, పెద్దరాణికి దణ్ణం పెట్టుకుని, దోసెడు నీళ్లు తాగాడు. ముందు పీఠం వెనక మేకు పీకాలి. కొండ వెనక మొదటి మేకు ఆ తర్వాతే. పంచె ఎగ్గట్టి కొండ ఎక్కసాగాడు.