చంద్రవంక విప్పిన తోడేలు

చలిదేశంలో ఒక ఓక్ చెట్ల అడవి. ఏటికి ఇవతల రాతికోటలో తోడేలు దొర, అవతల ఎలుగుబంటి దొర. ఏటా మంచు కరగ్గానే ఇద్దరికీ యుద్ధం. ఎందుకని అడిగితే తాతల పేర్లు చెప్పేవారు. తాతలు ఎందుకు కొట్టుకున్నారో ఇద్దరికీ తెలియదు.

ఇనుపటోపీ పెట్టుకుంటే మొహాలు కనబడవు గనుక, దొరలూ వాళ్ళ బంధువులూ అంగీ మీద ఒక బొమ్మ కుట్టించుకునేవారు. తోడేలు దొరది ఎర్ర చంద్రవంక. ఏ బొమ్మ ఎవరిదో కంఠతా వచ్చినవాడు చాటింపు పుంజు. చాటింపు వేసేవాడి మీద శత్రువు కూడా చెయ్యి వెయ్యకూడదని కట్టడి. అందుకే యుద్ధం జరుగుతున్నంతసేపు పుంజూ, అవతలి దొర తరపున చాటే కొంగా ఒకే దిబ్బ మీద పక్కపక్కన నిలబడి కబుర్లు చెప్పుకునేవారు. అయ్యాక ఇద్దరూ కలిసి దిగి, పడినవాళ్ళ బొమ్మ చూసి పేరు చాటేవారు. పేరు చాటితే మోసుకెళ్ళే మంచం వచ్చేది. చచ్చినవాడికి సమాధి, బతికినవాడికి వైద్యం.

ముందు వరసలో నిలబడే గొర్రెలకు బొమ్మల్లేవు. ముందు నిలబడేది ఒకరు, ముందు మోగే పేరు ఇంకొకరిది. లోకంలో ఇది కొత్తేమీ కాదు.

ఒక ఏడు యుద్ధం ముగిశాక ముసలి గొర్రె ఒకతె పుంజు దగ్గరికి వచ్చింది.

"పుంజు బాబూ, మా చెంగడు గోతిలో పడున్నాడు. కాలు విరిగింది. చలేస్తోందంటున్నాడు. పేరొక్కసారి పిలువు, మంచం వస్తుంది."

"బొమ్మ ఉందా అవ్వా?"

"ఉన్ని ఉంది."

"అది అందరికీ ఉంది. దేన్ని చూసి పిలవను?"

"నన్ను చూసి పిలువు."

పుంజు దొర వైపు చూశాడు. దొర భోజనం మీదున్నాడు.

"బొమ్మ లేని ఒళ్ళు యుద్ధభూమిలో లేనట్టే," అన్నాడు దొర ఎముక కొరుకుతూ. "ఎవరిదైనా సరే. అదే చాటించు."

పుంజు చాటాడు. ఈ ఒక్క మాట అవతలి దొరకూ నచ్చింది. కొంగ అటువైపు అదే చాటింది. పొద్దువాలేలోగా చెంగడు చచ్చిపోయాడు.

మరుసటి ఏడు ఎలుగుబంటి ఒట్టు పెట్టుకుంది: చంద్రవంక కనబడితే ప్రాణంతో వదిలేది లేదని. తోడేలు దొరకు తిండి సయించడం మానేసింది. మంత్రి నక్క దొర చెవిలో చెప్పింది.

"దొరా, ఈసారి మీ అంగీ గాడిదకు తొడుగుదాం. ఇనుపటోపీ పెడితే చెవులు కనబడవు. వెనక నిలబెడదాం."

"మరి నేను?"

"గొర్రెతోలు కప్పుకుని గొర్రెల్లో కలిసిపోండి."

"మా వంశం గొర్రెల్లోనా?"

"బతికుంటే బలుసాకు తినొచ్చు."

"నేను ఆకులు తినను."

"ఆకులెందుకు దొరా, చుట్టూ గొర్రెలేగా."

దొరకు ఆ మాట నచ్చింది. అయినా అడిగాడు. "గొర్రెలు గుర్తుపడితే?"

"మీ ముందు అవి ఏనాడైనా తలెత్తాయా?"

దొర చంద్రవంక విప్పేశాడు. గొర్రెలు నిలబడేది ముందు వరసలోనని అక్కడికి వెళ్ళాకే గుర్తొచ్చింది. వెనక్కి తిరిగేలోగా ఎలుగుబంటి పంపిన అడవిపందులు వచ్చి పడ్డాయి. దొర కాలు విరిగి గోతిలో పడ్డాడు. వెనక గాడిద బెదిరి పరుగెత్తబోయి, బోర్లాపడి మోకాలు గీరుకుంది.

పందులు అంత వెనక్కి చేరేలోగానే యుద్ధం ముగిసింది. పుంజూ కొంగా దిబ్బ దిగారు. చంద్రవంక చూసి పుంజు దొర పేరు చాటాడు. మంచం వచ్చింది. నలుగురు గాడిదను మోసుకెళ్ళారు.

తర్వాత గోతిలోంచి వినబడింది. "ఒరేయ్ పుంజూ, నేనురా."

"ఎవరది?" అంది కొంగ.

పుంజు తొంగిచూశాడు. ఆ గొంతు తెలుసు, ఆ పళ్ళు ఇంకా బాగా తెలుసు.

"బొమ్మ లేదు," అన్నాడు.

"నీకు తిండి పెట్టినవాణ్ణిరా."

"బొమ్మ లేని ఒంటికి పేరు చాటితే నా మాట మీద నమ్మకం పోతుంది. నమ్మకం పోయిన పుంజును కూర వండుకుంటారు. పైగా దొరగారి పేరు ఇందాకే చాటాను. ఒక దొరను రెండుసార్లు చాటే ఆచారం లేదు."

"నక్కను పిలువు."

నక్క వచ్చింది. గోతిలోకి చూసింది, దూరంగా పోతున్న మంచం వైపు చూసింది. ఏం చెప్పినా తలూపే దొర దొరకడం మంత్రులకు మళ్ళీ మళ్ళీ జరగదు.

"దెబ్బ తగిలిన గొర్రెలు ఇలాగే ఏదేదో మాట్లాడతాయి," అంది కొంగతో. "దొరగారు పిలుస్తున్నట్టున్నారు, వస్తా."

చెంగడు పోయినప్పటి నుంచి గొర్రెలు చాటింపు కోసం చూడటం మానేశాయి. యుద్ధం ఆగగానే తల్లులే వచ్చి, ఎవరి పిల్లల్ని వాళ్ళు పేరు పెట్టి పిలుచుకుని, వీపు మీద మోసుకుపోతున్నారు. ముసలి గొర్రెకు పిలుచుకోవడానికి ఎవరూ లేరు. అయినా వచ్చింది. పిలిచేవాళ్ళు లేనివాళ్ళను వెతుకుతూ ఈ గోతి దగ్గర ఆగింది.

"నీ పేరేంటి నాయనా?"

"తోడేలు దొరను."

"దొరగారిని ఇందాకే మోసుకెళ్ళారు. నా కళ్ళతో చూశాను."

"చలేస్తోంది అవ్వా."

"మా చెంగడూ అదే అన్నాడు," అని గొర్రె పక్క గోతి వైపు నడిచింది.

పక్కవాడికి పేరే లేదని చట్టం చేసినవాడికి, గోతిలో పడ్డనాడు తన పేరూ అక్కరకు రాదు.