తూనీగ ఎందుకు పడుకోదు

ఒకప్పుడు గుర్రాలు కూడా మనలాగే నేల మీద పడుకుని, గడ్డం నేలకానించి, గురక పెట్టి మరీ నిద్రపోయేవి. ఆ రోజుల్లో మనుషులకీ జంతువులకీ ఒకే భాష. వాగులూ వంకలూ మాట్లాడేవి, గాలి మాట్లాడేది, రాళ్ళు కూడా ఎండెక్కినప్పుడు సణిగేవి. మాట్లాడేవాళ్ళు అంతమంది ఉన్నా, వినేవాళ్ళు మాత్రం అప్పుడూ తక్కువే.

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథ చివర పెళ్ళీ లేదు, పండగా లేదు. ఆ తర్వాత నన్నెవరూ తిట్టకూడదు.

గుండ్లమిట్ట అని కొండ మీద ఒక ఊరుండేది. ఆ ఊరికీ మిగతా లోకానికీ మధ్య ఒక వంక పారేది. ఎండాకాలంలో పిల్లలు గెంతుకుంటూ దాటేసేవారు. వానలు మొదలైతే మాత్రం అది ఎద్దుల్ని కూడా తోసుకుపోయేది. అప్పుడు దాన్ని దాటగలిగేది గుర్రం ఒక్కటే. ఉప్పు కావాలన్నా, మందు కావాలన్నా గుర్రం మీద అవతలి ఒడ్డుకు వెళ్ళాల్సిందే.

ఆ ఊరివాళ్ళకి ఒక చెడ్డ అలవాటు ఉండేది. నిలబడ్డ గుర్రాన్ని ఎక్కడం వాళ్ళకి చేతకాదు. అందుకని గుర్రం పడుకుని నిద్రపోయేదాకా కాచుకునేవారు. పిల్లిలా వెళ్ళి వీపు మీద జీను పడేసి, పొట్ట కింద పట్టీ దూర్చి బిగించి, పైన ఎక్కి కూర్చుని అప్పుడు "హోయ్" అని అరిచేవారు. గుర్రం ఉలిక్కిపడి లేచేసరికి మనిషి పైనుండేవాడు. చూశావా ఎంత సులువో అని ఒకరి వీపు ఒకరు తట్టుకునేవారు.

ముసలి గుర్రాలు పాపం అలవాటు పడిపోయాయి. లేచి, నిట్టూర్చి, నడిచేవి. కానీ అవి ఒక్కొక్కటే చచ్చిపోయి, చివరికి ఊరికంతటికీ ఒక్క గుర్రమే మిగిలింది. బూడిదరంగు ఆడగుర్రం. ఒకచోట కుదురుగా ఉండదని దానికి తూనీగ అని పేరు పెట్టారు.

తూనీగ నిద్రలో ఉండగా ఎవరైనా ఎక్కారో, అంతే. నడుము విల్లులా వంచి, నాలుగు కాళ్ళూ గాల్లోకి లేపి, ఎగిరెగిరి తన్నేది. ఒకడికి చెయ్యి విరిగింది. ఇంకొకడు కలబంద పొదలో పడి నెల రోజులు బోర్లా పడుకున్నాడు. తర్వాత్తర్వాత జీను కనబడితే చాలు, మెలకువలో కూడా కంచె విరగ్గొట్టుకుని పారిపోయేది.

ఊరి పెద్దకి విసుగొచ్చింది. "వానలు పడేలోపల ఇది దారికొస్తే సరి. లేకుంటే చిరుతపులుల లోయలోకి తోలేద్దాం. ఊరికే మేపేదానికి మన దగ్గర ఏముందని?" అన్నాడు.

అప్పుడు జీన్లు కుట్టే కదిరప్ప లేచి నిలబడ్డాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "నాకిడిసిపెట్టండి. నేను చూసుకుంటా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన తూనీగని తెచ్చుకుని చింతచెట్టు కింద కట్టేసుకున్నాడు. కట్టేశాక చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? తాడు విప్పేశాడు.

"ఏమమ్మీ, అట్ల ఎందుకు తంతావు?" అని అడిగాడు.

తూనీగ జవాబు చెప్పలేదు. పుట్టినప్పటినుంచీ దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. అడగనివాళ్ళ మధ్య బతికితే జవాబు చెప్పడం మర్చిపోతాం.

కదిరప్ప జీను తెచ్చి దూరంగా, గడ్డిలో పెట్టాడు. తూనీగ బెదిరి అవతలికి పోయింది. ఆయన జీను వెనక్కి తీసేశాడు. మర్నాడు మళ్ళీ అదే చోట పెట్టాడు. అది బెదిరితే తీసేయడం, బెదరకపోతే కాసేపు ఉంచడం. ఆయన భార్య సుంకులమ్మ ఉలవ గుగ్గిళ్ళు ఉడకబెట్టి ఇస్తే, వాటిని జీను పక్కన పోసి, తాను మాత్రం తూనీగకి వీపు పెట్టుకుని కూర్చునేవాడు. ఎదురుగా కూర్చుని చూస్తే దానికి భయమని ఆయనకి తోచింది.

చింతచెట్టు మీద ఒక కాకి ఉండేది. దానికి వేరే పనేమీ లేదు. "కదిరప్పా, నువ్వు గుర్రానికి నేర్పుతాండావా, గుర్రం నీకు నేర్పుతాందా?" అని అడిగేది.

"నాకూ తెలీదు పో" అనేవాడు ఆయన.

గుగ్గిళ్ళు జీను పక్కనుంచి జీను మీదికి వచ్చాయి. తర్వాత ఒక పాత దుప్పటి తూనీగ వీపు మీదికి వచ్చింది. తర్వాత కదిరప్ప చెయ్యి. అది వద్దన్నట్టు ఒళ్ళు జలదరించేలోపే ఆయన చెయ్యి తీసేసేవాడు. ఇంక రెండు మూడు రోజుల్లో జీను వేయొచ్చు అనుకుంటూ ఉండగా, ఒక మిట్టమధ్యాహ్నం సుడిగాలి వచ్చింది. దుప్పటిని ఎత్తి తూనీగ ముఖాన కొట్టింది.

తూనీగ కంచె తొక్కుకుంటూ కొండెక్కి పోయింది. పొద్దుగూకే ముందు మోకాళ్ళు చెక్కుకుని తిరిగొచ్చింది. కదిరప్పని చూసి, ఆయనెవరో ఎన్నడూ చూడనట్టు దూరంగా నిలబడింది.

"నేను ఆడుకున్నా అంతే" అంది సుడిగాలి.

కదిరప్ప ఇంటికి వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "ఇంతకాలం కష్టమంతా బూడిదలో పోసినట్టయిందే సుంకులూ. నా వల్ల కాదు. దాన్ని పులికే పుట్టించినట్టుండారు" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మగవాళ్ళు ఏడవరని మీకెవరైనా చెప్పారా? వాళ్ళని నమ్మకండి.

సుంకులమ్మ మళ్ళీ ఉలవలు నానబోసింది. "రేపు మళ్ళీ దూరంగానే పెట్టు" అంది.

ఆయన మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. జీను గడ్డిలో, దూరంగా. ఆ పూటే తూనీగ మొదటిసారి నోరు విప్పింది.

"మామా, నీకు విసుగు లేదా?"

"ఉంది. శానా ఉంది."

"మరి యేల వస్తావు?"

"నువ్వు చెప్పలేదు కదమ్మీ, ఎందుకు తంతావో. అది వినిపోదామని."

తూనీగ చాలాసేపు గడ్డి నమిలింది. తర్వాత మెడ తిప్పి, జూలు కింద దాచుకున్న నాలుగు గీతల మచ్చ చూపించింది. "నేను పిల్లగా ఉన్నప్పుడు, నిద్రలో నా మీదికి చిరుత దూకింది. మా అమ్మ తన్ని ఇడిపించింది. అప్పట్నుంచి నిద్రలో నా మీద ఏది పడినా నాకు అదే. నిద్రలో నాకు పేర్లు తెలీవు మామా. బరువొక్కటే తెలుస్తాది. కాళ్ళు వాటంతటవే లేస్తాయి."

కదిరప్పకి ఊరంతటి మీదా కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ నిద్రపోయే ప్రాణి మీద ఎక్కి, అది తన్నిందని తిట్టుకున్నారు. "ఇదో, మాటిస్తాండా. నువ్వు నిద్రపోతాంటే నీ మీద ఈక కూడా వెయ్యను. ముందు పిలుస్తా. నువ్వు కండ్లు తెరిస్తే జీను చూపిస్తా. నువ్వు తల వంచితేనే వేస్తా. ఎక్కేది మాత్రం నువ్వు ఎక్కమన్నప్పుడే" అన్నాడు.

ఆ రోజునుంచి పని సాగింది. ఒకరోజు జీను వీపు మీద ఆగింది. ఇంకొక రోజు పట్టీ బిగించాడు. తూనీగ వణికింది గానీ తన్నలేదు. జీనుతో ఊరంతా తిరిగింది. ఊరి పెద్ద నోరు మూసుకుని చూశాడు. "ఎక్కవేందిరా ఇంక?" అని ఒకరిద్దరు అడిగితే, "అది చెప్పాల కదా" అన్నాడు కదిరప్ప.

వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం తూనీగ కాకితో అంది, "రేపు పొద్దున మామని ఎక్కమంటా. నువ్వు చెప్పొద్దు, నేనే చెప్తా." ఆ మాట చెప్పి చెట్టు కింద కాళ్ళు మడుచుకుని పడుకుని, హాయిగా నిద్రపోయింది. చినుకులు పెద్దవయ్యేసరికి కాకి కొమ్మల్లోకి దూరి రెక్కల్లో ముక్కు పెట్టుకుంది.

అదే మధ్యాహ్నం సుంకులమ్మకి జ్వరం ముదిరింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఎవరినో చిన్నప్పటి వాళ్ళని పిలుస్తోంది. మందిచ్చే ఆయన ఉండేది వంక అవతల. కదిరప్ప పరుగెత్తుకుంటూ వంక దగ్గరికి వెళ్ళాడు.

"కదిరప్పా, నా ఎనకాల కొండ నీళ్ళు వస్తాండాయి. దాటేదుంటే ఇప్పుడే దాటు, ఇంక కాసేపయితే గుర్రం కూడా దాటలేదు. నేను ఆగుదామన్నా నా చేతుల్లో లేదు" అంది వంక.

ఆయన జీను భుజానేసుకుని చింతచెట్టు కిందికి వచ్చాడు. "అమ్మీ" అని పిలిచాడు. వాన హోరులో తూనీగకి వినబడలేదు. ఇంకోసారి పిలవాల్సింది. పక్కన కూర్చుని, కళ్ళు తెరిచేదాకా ఆగి, జీను వాసన చూపించి, తల వంచేదాకా ఆగాల్సింది. అదంతా ఆయనకి తెలుసు. ఆయన కనిపెట్టిన పద్ధతే అది. కానీ వంక చప్పుడు పెరుగుతోంది. ఇంట్లో సుంకులమ్మ మూలుగుతోంది.

నా చెయ్యి దానికి తెలుసులే, అనుకున్నాడు.

జీను వేశాడు. పట్టీ దూర్చి బిగించాడు. ఊరివాళ్ళలాగే పైన కూర్చున్నాడు.

తూనీగకి నిద్రలో బరువు తెలిసింది. పేరు తెలియలేదు. నడుము వంగింది, కాళ్ళు లేచాయి. కదిరప్ప ఎగిరి చెట్టు పక్కన బండ మీద పడ్డాడు. తల కింద వాననీళ్ళు ఎర్రబడ్డాయి.

తూనీగ కళ్ళు తెరిచింది. అటూ ఇటూ చూసింది. "మామా? నువ్వా?"

"తప్పు నాదే అమ్మీ" అన్నాడు ఆయన. ఇంకా ఏదో చెప్పబోయాడు. తూనీగ ముక్కుతో ఆయన్ని నెట్టి నెట్టి లేపింది. ఆయన లేవలేదు.

ఇప్పుడు వినండి, ఈ మాట చెప్పడం నాకే కష్టంగా ఉంది. ఆ సాయంత్రానికి సుంకులమ్మ జ్వరం దానంతటదే దిగిపోయింది. ఏ మందూ వేయకుండానే చెమట పట్టి, మంచినీళ్ళు అడిగింది. నీళ్ళిచ్చేవాడు లేడు.

మర్నాడు పొద్దున ఊరివాళ్ళు కర్రలు తీసుకుని చెట్టు దగ్గరికి వచ్చారు. సుంకులమ్మ దుప్పటి కప్పుకుని, గోడలు పట్టుకుని, వాళ్ళకి ముందే వచ్చి నిలబడింది. "కొట్టేదుంటే మీరు మీరు కొట్టుకోండి. నిద్రపోయేదాని మీద కూర్చునే అలవాటు ఎవరిది?" అంది. కర్రలు కిందికి దిగాయి.

తూనీగ తల ఎత్తలేదు. "అత్తా, జీను వెయ్యి" అంది.

సుంకులమ్మ జీను ఎత్తి దాని కళ్ళముందు పెట్టింది. వాసన చూడనిచ్చింది. ఆగింది. తూనీగ తల వంచింది. అప్పుడు వేసి, పట్టీ బిగించింది. ఎక్కడా తొందరపడలేదు.

ఊరి బొందలగడ్డ, చచ్చిపోయినవాళ్ళని పూడ్చే చోటు, వంక అవతల ఉంది. నలుగురు కలిసి కదిరప్పని తూనీగ దగ్గరికి ఎత్తుకొచ్చారు.

"ఎక్కు మామా" అంది తూనీగ.

ఆ మాట అది ఆ పొద్దున చెప్పాలనుకున్నదే. కాకి విని, రెక్కలు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఆయన్ని జీను మీద పడుకోబెట్టాక తూనీగ ఒక్క కుదుపు లేకుండా నడిచింది. రాత్రికి కాస్త తగ్గినా ఇంకా పొంగుతున్న నీళ్ళలో దిగి, ఒక్కొక్క అడుగూ చూసి వేసుకుంటూ ఆయన్ని అవతలి ఒడ్డు చేర్చింది.

తిరిగొచ్చాక సుంకులమ్మ జీను విప్పి, గడ్డి పరిచి, "పడుకోమ్మీ, అలిసిపోయినావు" అంది.

"పడుకోను అత్తా. పడుకుంటే నిద్ర లోతుకు పోతాది. అంత లోతులో నాకు పేర్లు తెలీవు."

"ఇంక నీ మీద ఎవరూ ఎక్కరు. ఎక్కనియ్యను."

"వాళ్ళ గురించి కాదు. నా కాళ్ళంటే నాకు భయం."

సుంకులమ్మ బతిమాలింది. తిట్టింది కూడా. తూనీగ వినలేదు. నిద్ర ముంచుకొస్తుంటే మోకాళ్ళు బిగించుకుని నిలబడింది. ఒక వెనక కాలుకి కాసేపు విశ్రాంతి ఇచ్చి, మిగతా మూడింటినీ కాపలా పెట్టింది. అలాగే కళ్ళు మూతలు పడ్డాయి. సుంకులమ్మ దాని మెడ మీద చెయ్యేసి పక్కనే నిలబడిపోయింది. తర్వాత వంక అవతలి మగగుర్రంతో జతకట్టి తూనీగకి పిల్లలు పుట్టాయి. తల్లి పడుకోవడం అవి ఎన్నడూ చూడలేదు. అవి కూడా నిలబడడమే నేర్చుకున్నాయి.

అప్పటినుంచే గుర్రం నిలబడి నిద్రపోతుంది. ఎప్పుడైనా ఒళ్ళు మరీ అలిసిపోతే, పక్కన ఇంకో గుర్రం మేలుకుని ఉంటేనే, కాసేపు పడుకుని లేచేస్తుంది. మీరెప్పుడైనా గుర్రం దగ్గరికి వెళ్తే ముందు పిలవండి. అది చెవి మీ వైపు తిప్పేదాకా ఆగండి. ఎంత తొందరున్నా ఆగండి. వచ్చింది ఎవరో, అది ఇప్పటికీ భయపడుతూనే చూసుకుంటుంది.