పదహారు చేదల నీళ్ళు

నమ్మనివాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు, తలుపు ఎవరూ మూయలేదు. సగం దాకా విని "ఇది జరిగే పనేనా" అని మూతి విరిచేవాళ్ళ కన్నా, మొదట్లోనే తుండుగుడ్డ దులుపుకుని లేచేవాళ్ళు మర్యాదస్థులు. ఎందుకంటే ఇది గుండిమెడ యజ్ఞనారాయణ సిద్ధాంతి గారి వీధి అరుగు మీద పట్టపగలు జరిగింది. ఆయన పంచాంగం గుణిస్తుంటే సూర్యుడు పొద్దు వాలడం మానేసి ఆయన భుజం మీదుగా లెక్క చూసుకుపోయేవాడు. ఒక ఏడు చంద్రగ్రహణం ఆయన వేసిన వేళకి ఒక్క నిమిషం ఆలస్యంగా పట్టింది. ఆయన తలెత్తి, "సరే, ఈసారికి పోనీ" అన్నారు. అంతే, ఆ తరవాత నలభై ఏళ్ళు చంద్రుడు ఆలస్యం చేస్తే ఒట్టు!

అంతటి మనిషికీ ఒక అలవాటుంది. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. శ్లోకం చదవరు, వాదించరు. ఇంట్లో ఉన్న వస్తువేదో తెప్పించి ముందు పెడతారు. అది చూసి తెలుసుకున్నవాడు తెలుసుకుంటాడు. లేనివాడు మర్నాడు మళ్ళీ వచ్చి అదే అడుగుతాడు.

భానుమూర్తి ఇరవై రోజులుగా అదే అడుగుతున్నాడు.

"గురువుగారూ, వాళ్ళు ముందే వచ్చేస్తే?"

వాళ్ళంటే భానుమూర్తి భార్య సౌభాగ్యం కడుపులో ఉన్న కవలలు. ఆ దంపతులు గురువుగారి ఇంటి వెనక వసారాలోనే కాపురముంటున్నారు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి నిలిచిన కడుపు అది. నెల రోజుల కిందట బస్తీ ఆస్పత్రిలో డాక్టరమ్మ చెయ్యి వేసి చూసి, "ఇద్దరున్నారు. ఇద్దరుంటే రోజులు నిండేదాకా ఆగకపోవచ్చు, ముందే రావచ్చు" అంది. ఆ తరవాత ఇంకా ఏవో నాలుగు మాటలు చెప్పింది. అవి భానుమూర్తికి వినపడలేదు. "ముందే" అన్న మాట లోపలికి పోగానే అతని చెవులు తలుపులేసుకున్నాయి.

ఇంటికొచ్చాక పెద్దవాళ్ళు చేతనైన సాయం చేశారు. ఏడో నెలలో పుడితే దక్కుతారు, ఎనిమిదో నెలలో పుడితే దక్కరు అని ఒకావిడ చెప్పింది. సౌభాగ్యానికి ఏడు వెళ్ళి ఎనిమిది వచ్చింది.

ఇంకొకడైతే ఏడ్చేవాడు, దణ్ణాలు పెట్టుకునేవాడు. భానుమూర్తి లెక్క మొదలుపెట్టాడు. వచ్చే రెండు నెలల్లో పిల్లలు ఏ రోజు ఏ వేళ పుడితే ఏ జాతకం, ఎంత ఆయుర్దాయం, ఏ దోషానికి ఏ శాంతి అన్నీ ముందే గుణించి పెట్టుకుంటే వాళ్ళు ఎప్పుడొచ్చినా తనకి తెలియకుండా రాలేరు కదా అనుకున్నాడు. ఒకరి వెనక ఒకరు పుడతారు కాబట్టి ప్రతి వేళకీ రెండేసి జాతకాలు. మూడు వారాల్లో నాలుగు వేల మూడు వందల ఇరవై జాతకాలు రాశాడు! కలాలు అరిగిపోయాయి. కాగితాల కట్టలు దూలాన్ని ముట్టాయి, ఇంకొక్క కట్ట పైన పెడితే ఇంటి పెంకులు లేచిపోయేవి.

ఆ కట్టల మధ్యకి సౌభాగ్యం రోజుకి నాలుగుసార్లు వచ్చేది. సిరా కలిపి పెట్టేది. అన్నం కలిపి ముద్దలు చేతిలో పెట్టేది, లేకపోతే లెక్క తప్పుతుందని అతను అన్నానికి లేవడు. ఒక ఉదయం మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి గోడకి చేరబడింది.

"ఏవండీ, పొద్దుటినించీ నడుం గుంజుతోందండీ."

భానుమూర్తి ఉలిక్కిపడి కలం అందుకున్నాడు. "ఎన్నింటికి మొదలైంది? సరిగ్గా చెప్పు. సూర్యోదయానికి ముందా, తరవాతా?"

"పాలవాడు వచ్చినప్పుడు."

"వాడెన్నింటికొచ్చాడు?"

ఆమె కాసేపు అతని కలం వంక చూసింది. "ఈసారి నెప్పొస్తే గడియారం చూసుకుని రమ్మంటాను లెండి" అని, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అతను కాగితం మీద 'నడుము నొప్పి' అని రాసి, పక్కన వేళ కోసం ఖాళీ వదిలాడు.

ఆ సాయంత్రమే సిద్ధాంతి గారు పిలిచారు. "ఒరే భానూ, రేపు స్నానమయ్యేసరికి అరుగు మీద గంగాళం నిండా మడినీళ్ళు పెట్టు. నీ ప్రశ్న సంగతి చూద్దాం."

భానుమూర్తికి ప్రాణం లేచొచ్చింది. వెనక్కి పరుగెత్తి, "సౌభాగ్యం! గురువుగారు జవాబు చెప్తారట! రేపు పొద్దున్నే గంగాళం నిండా మడినీళ్ళు కావాలి" అన్నాడు. ఆమె, "అలాగే" అంది. అతను వెళ్ళి మిగిలిన ఆరు రోజుల జాతకాలు పట్టుకు కూర్చున్నాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి ఆ గంగాళం అరుగు మీద అంచు దాకా నిండి ఉంది. గంగాళమంటే అలాంటిలాంటిది కాదు, ఏనుగు పిల్లని కూర్చోబెట్టి స్నానం చేయించవచ్చు. సిద్ధాంతి గారు లోపలినించి రెండు రాగి గిన్నెలు తెచ్చారు. వాటి అడుగున సూది బెజ్జం ఉంటుంది. నీళ్ళ మీద వదిలితే ఆ బెజ్జంలోంచి నీరు ఊరి ఊరి, సరిగ్గా గడియకి, అంటే ఇరవైనాలుగు నిమిషాలకి, గిన్నె మునుగుతుంది. పూర్వం పెళ్ళిళ్ళలో ముహూర్తం ఇలాగే చూసేవారు. మడినీళ్ళయితేనే ఆ వేళ చెల్లుతుంది.

రెండు గిన్నెలనీ ఒక్కసారే నీళ్ళ మీద వదిలి, సిద్ధాంతి గారు గోడకి ఆనుకున్నారు.

"గడియకి మునగాలి. చూస్తూ ఉండు. అంతే, ఇంకేం చెయ్యకు."

చూస్తూ ఉండడం భానుమూర్తికి చేతనైన పనే. కానీ మూడు నిమిషాలయ్యేసరికి అవి గిన్నెల్లా కనపడడం మానేశాయి. పక్కపక్కన రెండు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, ఒక్క నీళ్ళ మీద. అడుగున తడి చేరింది. ఎడమవైపుది కొంచెం ఒరిగినట్టు లేదూ? ఒరిగింది, నిజంగానే ఒరిగింది. ఇంకో నిమిషం ఆగితే నీళ్ళు అంచు దాటి లోపలికి పోతాయి. గురువుగారు వద్దన్నారని తెలుసు. అయినా అతని చెయ్యి అతని మాట వినలేదు. వేలు చాచి ఆ గిన్నె అంచు పైకెత్తాడు.

నీళ్ళు కదిలి అల లేచింది. పక్క గిన్నె ఒక్క గుక్క నీళ్ళు తాగి చప్పుడు లేకుండా కిందికి పోయింది. "అయ్యో" అని అతను దానికోసం చెయ్యి ముంచాడు, చేతిలోది జారిపోయింది. పావు గడియ కూడా కాలేదు. రెండూ గంగాళం అడుగున ఉన్నాయి.

"గురువుగారూ, నేను నిలబెడదామనే..."

"ఊఁ."

ఇదే జవాబనుకుని భానుమూర్తి తల వంచుకున్నాడు. ఆరాటపడి ముట్టుకున్నవాడే ముంచుతాడు. నీతి బాగానే ఉంది, నాలుగు రోజులు మననం చేసుకోవచ్చు. అతను లేవబోయాడు. సిద్ధాంతి గారు మాత్రం గంగాళం వంకే చూస్తున్నారు. తరవాత భానుమూర్తి అరచేతుల వంక చూశారు, వాటి మీద సిరా మరకలే తప్ప తాడు గుర్తు లేదు.

"ఈ నీళ్ళెవరు తెచ్చార్రా?"

"సౌభాగ్యమండీ."

"నిన్ను కదూ పెట్టమన్నాను?"

భానుమూర్తి పెరటి వంక చూశాడు.

"ఎక్కణ్ణించి తెచ్చింది?"

"పెరటి నూతిలోంచి..."

"ఎన్ని చేదలు తోడింది?"

వెయ్యేళ్ళ అమావాస్యలు నిద్రలో లేపి అడిగినా వేళ్ళ మీద చెప్పగలవాడు గంగాళం వంక చూశాడు, తన చేతుల వంక చూశాడు. అతనికి తెలియదు.

"పదహారండీ."

ఆ మాట అన్నది సందు గుమ్మంలో నిలబడ్డ నూకాలు. ఊళ్ళో సగంమందిని ఈ లోకంలోకి లాగిన మంత్రసాని, సౌభాగ్యం నడుముకి నూనె రాయడానికి తెల్లవారకుండా వచ్చింది. సిద్ధాంతి గారి ముందు ఎప్పుడూ గొంతెత్తని మనిషి ఆవేళ గొంతు దించలేదు.

"పదహారు చేదలు. నేను కూకుని నెక్కెట్టాను. తడిబట్టతో తోడింది, పెరట్లోంచి ఈదరుగు దాకా మోసింది. ఒద్దమ్మా, నేను తోడెడతానన్నాను. నేను తాడు ముట్టుకుంటే ఆ నీళ్ళు మీకు పనికిరావంట కదండీ. నీకెందుకమ్మా ఈ పాటు అంటే, 'ఆయన బెంగ తీరాలి కదే నూకాలూ' అంది."



"డాక్టరమ్మ ఆ రోజు ఇంకేమందిరా?" అన్నారు సిద్ధాంతి గారు, చాలా మెల్లగా.

అప్పుడు తెరుచుకున్నాయి భానుమూర్తి చెవులు. నెల రోజులు గుమ్మంలో నిలబడి ఉన్న ఆ నాలుగు మాటలూ ఒక్కసారి లోపలికి వచ్చాయి. బరువెత్తనివ్వకండి. వంగనివ్వకండి. మంచం దిగనివ్వకండి. నొప్పి అంటే వెంటనే బండి కట్టి తీసుకురండి.

"పడుకోబెట్టి వచ్చాను. నొప్పులు తగులుకున్నాయి. ఇంక బండికి టైము లేదు" అంది నూకాలు. "నీళ్ళు కాయాల. ఇయ్యే తీసుకెళ్తాను. ఇప్పుడు నేను ముట్టుకోవచ్చా అండీ?"

ఆవేళ భానుమూర్తి పెళ్ళయిన తరవాత మొదటిసారి నూతి తాడు పట్టాడు. చేతులు బొబ్బలెక్కి, బొబ్బలు పగిలి, తాడు ఎర్రబడింది. నూతిలో నీళ్ళు అడుగంటి, పక్క ఊరి నూతుల్లో కూడా మట్టం తగ్గిందని చెప్పుకున్నారు. తోడమని అతనికి ఎవరూ చెప్పలేదు, ఆపమనీ చెప్పలేదు. తలుపు వెనకనించి సౌభాగ్యం గొంతు వినపడినప్పుడల్లా ఇంకో చేద దించాడు.

ముందు ఆడపిల్ల పుట్టింది, పిల్లికూన అరిచినట్టు ఏడ్చింది. తరవాత మగపిల్లాడు పుట్టాడు. వాడు ఏడవలేదు. నూకాలు వాణ్ణి తలకిందులుగా పట్టుకుంది, వీపు చరిచింది, నోట్లో నోరు పెట్టి ఊదింది. ఆమె చెయ్యి పడ్డ నీళ్ళు పనికిరాని ఇంట్లో, ఆమె ఊపిరి పనికొస్తుందేమోనని అందరూ తలుపు వంక చూస్తూ నిలబడ్డారు. పనికిరాలేదు.

గడియారం ఎవరూ చూడలేదు. దూలం దాకా పేర్చిన నాలుగు వేల మూడు వందల ఇరవై జాతకాల్లో ఆ పిల్లదేదో, ఆ పిల్లాడిదేదో చెప్పగలవాళ్ళు ఈ భూమ్మీద లేరు. సరిగ్గా ఎన్నింటికి పుట్టారని పక్కింటాయన అడిగితే నూకాలు, "ఒకత్తి పుట్టినప్పుడు రెండోవోడి కోసం చూశాను. రెండోవోడు పుట్టినప్పుడు ఆడి మొకం చూశాను. గోడ వంక చూళ్ళేదు బాబూ" అంది.

పురుడు వెళ్ళాక, పన్నెండో రోజున భానుమూర్తి అరుగెక్కాడు. గడ్డం మాసి ఉంది, అరచేతులకి గుడ్డలు చుట్టి ఉన్నాయి. లోపల దూదిలో చుట్టిన పిల్లని సౌభాగ్యం రొమ్ముకి అదుముకుని కూర్చుని ఉంది. ఆ పన్నెండు రోజుల్లో ఆమె అతన్ని ఒక్క మాట అనలేదు, అతనితో ఒక్క మాట ఆడలేదు. నీళ్ళు తోడకపోయినా వాళ్ళు ఆవేళే వచ్చేవారేమో, ఎవరు చెప్పగలరని నూకాలు అంది. దయతోనే అంది. కానీ భానుమూర్తికి ఆ మాటే ముల్లయింది. అన్నీ ముందే తెలుసుకోవాలనుకున్నవాడికి ఇక ఎప్పటికీ తెలియనిది అదొక్కటీ మిగిలింది.

ఈసారి అతని ప్రశ్న మారింది.

"గురువుగారూ, నా వల్లేనా?"

సిద్ధాంతి గారు ఏ వస్తువూ తెప్పించలేదు. అరుగు చివర గంగాళం బోర్లించి ఉంది. దాని మీద చెయ్యి వేసి అన్నారు:

"నలభై ఏళ్ళ కిందట దీన్ని నాకూ నింపి పెట్టిందిరా భానూ, నా ఇంట్లో ఒకావిడ. ఎన్ని చేదలని నేనూ అడగలేదు."

సిద్ధాంతి గారికి ఒకప్పుడు పెళ్ళయిందని అప్పటిదాకా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఈ కథలో గ్రహణం లెక్కలోనూ, జాతకాల లెక్కలోనూ, నూతుల లెక్కలోనూ ఎచ్చులు ఉంటే ఉండవచ్చు గాక. పదహారు మాత్రం ఎచ్చు కాదు. అది లెక్కపెట్టింది మంత్రసాని నూకాలు.