కడగని గిన్నె

అనగనగా గోదారి పాయల మధ్య ఒక లంక ఊళ్ళో... ఊఁ కొట్టవే తల్లీ, నువ్వు ఊఁ కొట్టకపోతే నాకు కథ సాగదు. ఆ, ఆ ఊళ్ళో వీరవేణి అని ఒకావిడ ఉండేది. వాళ్ళమ్మ పోతూ పోతూ ఆమెకి ఇచ్చిందల్లా గిన్నెడు పెరుగు. వీరవేణి అందులోంచే రోజూ చెంచాడు తీసి పాలు తోడేసేది. పదేళ్ళైనా ఇంట్లో అమ్మ పెరుగే!

చెల్లెలు చంటిని సముద్రం ఒడ్డున ఊరికిచ్చారు. చంటికి వేవిళ్ళు. వారం రోజులుగా మెతుకు ఇమడట్లేదు. "అక్కా, అమ్మ పెరుగుతో ఒక్క ముద్ద తినాలనుంది" అని కబురు పెట్టింది పాపం.

పెరుగంతా పట్టుకెళ్తే ఎండకి పులిసిపోదూ? అందుకని వీరవేణి చిన్న గిన్నెలో నాలుగు చెంచాల తోడు వేసుకుని, గుడ్డ కట్టి, తెల్లారగట్ల బస్సెక్కింది. పక్కనే కాలవ. కాలవలో ఇంకో బస్సు తలకిందులుగా వీళ్ళతోపాటే వస్తోంది. చూస్తుంటే కళ్ళు మూతలు పడిపోతున్నాయి.

అప్పుడు పక్కనున్న కొత్త కోడలు, "గిన్నెలో ఏంటక్కా? తోడా? ఈవేళే వేరు కాపరం పెడుతున్నాం, కాస్త పెట్టవా?" అంది. తోడు అడిగితే లేదనకూడదు, అది మన ఆడవాళ్ళ పద్ధతి. ఒక చెంచా పెట్టింది.

ఆ తర్వాత పంటెక్కింది. పంటంటే మనుషులూ మేకలూ ఆటోలూ అన్నీ ఎక్కేస్తాయే, ఆ పెద్ద పడవ. గోదారంతా మంచు. ఒడ్డు కనపడదు, నీళ్ళు కనపడవు, పంటు మబ్బుల్లో పోతున్నట్టుంది. అందులో టీ అమ్మే ముసలమ్మ, "మా పెరుగు పిల్లి నాకేసింది తల్లీ" అంది. ఇంకో చెంచా పోయింది. ఆ పిల్లికి వేరే ఇల్లే దొరకలేదు!

ఆ తర్వాత ఆటో. సరుగుడు తోటలు, ఉప్పు మళ్ళు, రొయ్యల చెరువులు. దాహమేసి దిగితే, చెరువు కాపలా ఇంటావిడ చల్లటి నీళ్ళిచ్చింది. "ఇక్కడ పాలు దొరుకుతాయమ్మా, తోడే దొరకదు" అంది. నీళ్ళిచ్చిన మనిషికి లేదంటుందా? మిగిలిందంతా గోకి పెట్టేసింది.

చివరి రేవులో చిన్న నావ. వీరవేణి గుడ్డ విప్పి చూసుకుంది. ఏముంది? "అయ్యో, ఖాళీ!" అంది. చంటి మొహం గుర్తొచ్చి ఏడుపు తన్నుకొచ్చింది. మురికి గిన్నె పట్టుకెళ్తే చెల్లెలి అత్తగారేమనుకుంటుందోనని, కడగడానికి నీళ్ళలోకి వంగింది.

"ఖాళీ అంటావేంటమ్మా? ఈగలకి కనపడింది నీకు కనపడలేదా?" అన్నాడు నావ తాత.

చూస్తే అంచు చుట్టూ తెల్లటి చార! అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ ఏనాడూ తోడు గిన్నె కడిగేది కాదు. అందులోనే పాలు పోసేసేది. అమ్మయ్యో, ఎంత పని చేసేదాన్ని, అనుకుని గిన్నె గుండెలకి హత్తుకుంది.

చంటి వాకిట్లోనే కూర్చునుంది. "తెచ్చావా అక్కా?"

"తెచ్చానే." గోరువెచ్చటి పాలు ఆ గిన్నెలోనే పోసి మూతపెట్టింది. "కదపకు. కదిపితే తోడుకోదు."

అక్కచెల్లెళ్ళిద్దరూ సముద్రం హోరు వింటూ గిన్నె పక్కనే పడుకున్నారు. పొద్దున్నే మూత తీస్తే గడ్డపెరుగు! చంటి ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంది. "అమ్మదేనే అక్కా" అని భోరుమంది. ముద్ద మాత్రం ఇమిడింది.

మనింట్లో పెరుగు ఎక్కడిదనుకున్నావ్? ఆ చంటి మా అమ్మేనే. ఇందాకే తోడేసి వచ్చాను. నువ్వూ ఇక కదలకు మరి.

కథేమో పంటెక్కి కంచికెళ్ళింది,
పాలేమో మూత కింద తోడుకుంది,
నా చిట్టితల్లి కళ్ళు మూసుకుంది.