మద్దిలేటి అయ్యోరి లెక్కల పాఠం

అనగా అనగా, అంకెలను ఇసుకలో రాసి గాలికి అప్పజెప్పే కాలంలో, రేగడిమిట్ట అనే ఊళ్ళో ఒక కొట్టపు బడి ఉండేది. ఆ బడికి ఇద్దరు అయ్యోర్లు. లెక్కలు చెప్పే నారపయ్య ఒకరు. చెక్కభజన నేర్పే మద్దిలేటి ఇంకొకరు. మద్దిలేటికి తెలిసిందల్లా చేతిలో చెక్కలు, కాలికి గజ్జెలు, వరుసలో అడుగు. అంతే.

ఒక ఏడు నారపయ్య కాలు విరిగింది. మిట్టకు అవతలి ఊళ్ళో, తమ్ముడి ఇంట్లో మంచం పట్టాడు. బడిలో లెక్కలు ఆగిపోయాయి.

ఊరిపెద్ద తిమ్మప్ప బడికి వచ్చాడు.

"మేము మీ అయ్యోర్లకు కొర్రలు కొలిచి ఇచ్చేది పిల్లోళ్ళు లెక్క నేర్వాలని, ఎగిరేదానికి కాదు. కోతల నాటికి నేను చెప్పిన లెక్క వీళ్ళు రాయల్ల. రాయకపోతే ఈ కొట్టం నా గొర్రెలకు దొడ్డి."

మద్దిలేటి తల గోక్కున్నాడు. "నేనే చెబుతాలే, తిమ్మప్పా."

"నీకు లెక్కలొచ్చునా?"

"ఈ పొద్దు రావు. రేపటికి వస్తాయి."

ఆ సాయంత్రమే మిట్ట ఎక్కాడు. నారపయ్య మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. కూడిక నేర్చుకున్నాడు. మరిచిపోకుండా దారి పొడుగునా చెక్కలు వాయిస్తూ దిగాడు. కల్లంలో ఉన్నవాళ్ళు నవ్వారు.

"ఏం మద్దిలేటీ, నేర్పేవాడివా, నేర్చుకునేవాడివా?"

"పొద్దున నేర్పేవాణ్ణి, సాయంత్రం నేర్చుకునేవాణ్ణి. రెండు కొలువులప్పా నాకు."

కూడిక చెప్పాడు. పిల్లలకు వచ్చింది. మళ్ళీ మిట్ట ఎక్కాడు, తీసివేత తెచ్చాడు. పిల్లలకు వచ్చింది. మళ్ళీ ఎక్కాడు, ఎక్కాలు తెచ్చాడు. మూడు దెబ్బలొక వరుస, అలాంటివి నాలుగు వరుసలు, మొత్తం పన్నెండు. చెక్కల మీద వాయిస్తే ఎక్కాలు నోటికి కాదు, కాళ్ళకే వచ్చేశాయి. పిల్లలకంటే ఒక్క పాఠమే ముందుండేవాడు మద్దిలేటి. ఆ ఒక్క పాఠం కోసమే రోజూ మిట్ట ఎక్కేవాడు.

కోతలు దగ్గర పడ్డాయి. వందలు రాయడం మొదలైంది. రెండు వందల ఐదు రాయమంటే పిల్లలంతా ఇసుకలో రెండు పక్కన ఐదు పెట్టారు.

"అది ఇరవై ఐదు గదా. మధ్యలో సున్న పెట్టల్ల."

సుంకి అనే పిల్ల లేచింది. బడిలో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు దానివే. "అయ్యోరూ, సున్న అంటే ఏమీ లేదని గదా. లేనిదాన్ని ఎందుకు రాయల్ల?"

మద్దిలేటి ఆలోచించాడు. సున్న పెట్టమని నారపయ్య చెప్పాడే గానీ, ఎందుకో చెప్పలేదు. తనూ అడగలేదు.

"తెలీదమ్మా. రేపటికి తెలుసుకొస్తా."

మిట్ట ఎక్కాడు. మంచం ఖాళీగా ఉంది. నారపయ్యను కూతురొచ్చి బండిలో దూరదేశం తీసుకుపోయిందట. ఆ సాయంత్రం దిగేటప్పుడు చెక్కలు మోగలేదు. కల్లంలో ఎవరూ నవ్వలేదు కూడా.

పొద్దున పిల్లల ముందు నిలబడ్డాడు. "నాకు తెలియలేదు. చెప్పేవాళ్ళు లేరు" అన్నాడు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొట్టం దొడ్డి అయిపోతుందని వాళ్ళకూ తెలుసు.

"సరే, తెలిసిన పనైనా చేద్దాం. చెక్కలు తీసుకోండి."

రెండు వరుసలు ఎదురెదురుగా నిలబడ్డాయి. చెక్కభజనలో ఒక ఎత్తు ఉంది. అక్కడ చెక్కలు మోగించకూడదు, కాలెత్తి ఆగాలి. ఆ ఆగిన సందులోంచే ఎదుటి వరుస దాటిపోతుంది. ఆ పొద్దు వెంకటసామి అనే పిల్లోడు ఆగలేదు. మోగనిది ఎందుకులే అని తర్వాతి అడుగు వేసేశాడు. వరుస మీద వరుస పడింది. మోకాళ్ళు గీరుకుపోయాయి.

"ఆ ఎత్తు మింగేస్తివి గదరా" అన్నాడు మద్దిలేటి వాణ్ణి లేపుతూ. "మోగకపోతేనేం, దాని చోటు దానిది. నువ్వు తీసేస్తే వెనక వచ్చేదంతా ముందుకు జరిగి తారుమారవుతుంది."

కింద పడిన సుంకి లేవలేదు. అక్కడే కూర్చుని ఇసుకలో వేలు పెట్టింది. "అయ్యోరూ, ఐదు ముందుకు జరిగింది. అందుకే ఇరవై ఐదయింది. సున్న కూడా ఎత్తేనా?"

మద్దిలేటి వచ్చి సుంకి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు, నారపయ్య మంచం పక్కన కూర్చున్నట్టే. "మళ్ళీ చెప్పు తల్లీ. నేను నేర్చుకుంటా."

కోతలొచ్చాయి. తిమ్మప్ప వచ్చాడు, వెనకే ఊరంతా వచ్చింది.

"నాకున్న గొర్రెలు వెయ్యిన్ని ఏడు. రాయండి చూద్దాం."

పిల్లలు చెక్కలు తీశారు. ఒక దెబ్బ. కాలెత్తి ఆగారు. మళ్ళీ కాలెత్తి ఆగారు. ఏడు దెబ్బలు. ఆనక వంగి ఇసుకలో రాశారు. ఒకటి, సున్న, సున్న, ఏడు. ఒక్కరు కూడా తప్పలేదు.

తిమ్మప్ప వంగి ఒక్కొక్కరు రాసిందీ చూసుకుంటూ వచ్చాడు. "బాగా నేర్పితివి మద్దిలేటీ."

"సున్న మాత్రం నాది కాదప్పా. ఈ పిల్ల నాకు చెప్పింది."

"ఇంకేం, ఒక అయ్యోరు పోయి ఇద్దరైరి" అని తిమ్మప్ప తన తలగుడ్డ విప్పి మద్దిలేటి భుజాన కప్పాడు. గొర్రెలు బయటే ఉండిపోయాయి. బడి బడిగానే ఉంది.

మద్దిలేటి పోయాక సుంకి ఆ బడికి అయ్యోరమ్మ అయింది. ఆమె తర్వాత ఇంకొకరు, వాళ్ళ తర్వాత మరొకరు. ఇప్పటికీ రేగడిమిట్టలో ఏ అయ్యోరికైనా తనది కాని పాఠం చెప్పే పని పడితే, మొదటి రోజు కుర్చీలో కూర్చోరు. పిల్లల మధ్య నేల మీదే కూర్చుంటారు. చిన్నతనమని ఎవరూ అనుకోరు. అది మా ఊరి మర్యాద.

ఇంకొకటి. పెద్ద పరీక్షలకు పట్నం పోయే పిల్లల్లో మా ఊరివాళ్ళను గుర్తుపట్టడం సులువు. లెక్కల పరీక్ష రోజు బల్లల కిందికి వంగి చూడండి. సున్న రాసేటప్పుడు ఎవరి కాలు నేల వదిలి లేస్తుందో, వాళ్ళది రేగడిమిట్ట.